మధ్య అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

(మాదాపూర్‌లో ఒక శనివారం సాయంత్రం టెక్నికల్ రైటర్లు, డెవలపర్లు కలిసిన చిన్న సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు కొన్ని తీసేశాం, అన్నీ కాదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? చెయ్యెత్తండి... సరే, వినిపిస్తున్నట్టే ఉంది. ముందు వరుసలో ఖాళీలున్నాయి, వచ్చి కూర్చోండి, నేనేం ప్రశ్నలు అడగను, భయపడకండి.

ఈ టాపిక్ చెప్పినప్పుడు నిర్వాహకులు ఒక్క క్షణం ఆగి, ‘ఇంకేదైనా ఉందా మేడమ్?’ అన్నారు. వాళ్ల తప్పేం లేదు. ఉద్యోగుల సెలవుల రికార్డులు తెచ్చిపెట్టే టూల్‌కి డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీ, ఎలా రాయాలి అంటే నాకే నిద్రొస్తుంది. ఈ పని నాకు అప్పగించినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఏముంది ఇందులో? ఉద్యోగి నంబర్ ఇవ్వాలి, మొదటి తేదీ, చివరి తేదీ ఇవ్వాలి, సెలవులు వస్తాయి. మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే టీ టైమ్‌కి అయిపోతుంది అనుకున్నాను. నిజంగానే అయిపోయింది. ఒక్క పేజీ. రివ్యూకి పంపితే డెవలపర్ బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి వదిలేశాడు. ఆ పేజీలో మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘ఈ టూల్ మీరిచ్చిన రెండు తేదీల మధ్య ఉన్న సెలవుల రికార్డులను ఇస్తుంది.’

చదవడానికి బాగానే ఉంది కదా? ఇందులో తప్పెక్కడుందో ఎవరైనా చెప్పగలరా? ... ఎవరో ‘మధ్య’ అన్నారు. కరెక్ట్. మీరు ఇంటికెళ్లిపోవచ్చు. (నవ్వులు)

జరిగింది చెప్తాను. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు నేనక్కడ లేను, అయినా చెప్పను. మా ఫ్లోర్‌లో ఒక టెస్టర్ ఉండేవాడు, చిన్నవాడు, సొంతూరు నల్గొండ దగ్గర. ఒకరోజు పొద్దున్నే ఫోన్‌లో పే స్లిప్ తెరిచి పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు. ‘అక్కా, జనవరి జీతంలో రెండు రోజులు కోసేశారు’ అన్నాడు. చూస్తే ఎల్ఓపీ అని ఉంది, 2 అని ఉంది. ఎల్ఓపీ మీ అందరికీ తెలిసిందే, లాస్ ఆఫ్ పే. సెలవు లేకుండా రాకపోతే పడే కోత. కానీ వీడు సెలవు పెట్టాడు, మేనేజర్ ఓకే చేశాడు, ఆ మెయిల్ కూడా ఉంది. 2024 డిసెంబర్ 30 సోమవారం నుంచి 2025 జనవరి 3 శుక్రవారం దాకా. మధ్యలో జనవరి 1 ఎలాగూ ఆఫీసుకి సెలవు కాబట్టి వాడి ఖాతాలోంచి పోయేవి 4 రోజులు. అంతా పద్ధతిగానే ఉంది.

మరి నా దగ్గరికెందుకొచ్చాడు? అక్కడికి రావడానికి వాడికి వారం పట్టింది. ముందు మేనేజర్‌ని అడిగితే హెచ్ఆర్‌ని అడగమన్నాడు. హెచ్ఆర్ వాళ్లు సిస్టమ్‌లో సెలవు కనిపిస్తోంది, పేరోల్ వాళ్లని అడగమన్నారు. పేరోల్‌లో ఉన్న మేడమ్, మాకొచ్చిన ఫైల్లో నీ సెలవు లేదు బాబూ, ఫైల్ తయారుచేసే స్క్రిప్ట్ రాసినవాళ్లని అడుగు అంది. స్క్రిప్ట్ రాసినతను చాలా మర్యాదగా నా పేజీ తెరిచి చూపించాడు. ‘రెండు తేదీల మధ్య ఉన్న సెలవులు ఇస్తుంది అని రాసుంది కదా, నేను జనవరి 1 నుంచి 31 దాకా అడిగాను’ అన్నాడు. అదీ సంగతి.

టూల్ లోపల జరుగుతున్నది వేరు. అది సెలవు మొదలైన తేదీ ఒక్కటే చూస్తోంది. ఆ తేదీ మనమడిగిన హద్దుల్లో ఉంటే రికార్డు ఇస్తుంది, లేకపోతే లేదు. వీడి సెలవు మొదలైంది డిసెంబర్ 30న. జనవరి లెక్కల్లోకి రాలేదు. హాజరు చూస్తే 2, 3 తేదీల్లో మనిషి లేడు, సెలవూ లేదు, కాబట్టి కోత. కంప్యూటర్ దృష్టిలో అంతా సక్రమమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు అసలు విషయం అర్థమైంది మెట్రోలో. రెడ్ లైన్‌లో రోజూ వచ్చేదాన్ని. మిమ్మల్ని ఎవరైనా ‘అమీర్‌పేట, నాంపల్లి మధ్య ప్రయాణికులు ఎంతమంది?’ అని అడిగారనుకోండి. ఎవర్ని లెక్కపెడతారు? అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఎక్కినవాళ్లనా? మరి కూకట్‌పల్లిలో ఎక్కి, ఖైరతాబాద్‌లో దిగినాయన? మియాపూర్‌లో కూర్చుని ఎల్‌బీ నగర్‌లో లేచే పెద్దాయన ఉన్నాడు, ఆయన మనమడిగిన స్టేషన్లలో ఎక్కనూ లేదు, దిగనూ లేదు, కానీ ఆ దారంతా రైల్లోనే ఉన్నాడు, పైగా సీట్లో ఉన్నాడు! (నవ్వులు) ఆయన్ని లెక్కపెట్టకపోతే అది లెక్కేనా?

సెలవుల్లో ఆ పెద్దాయన ఎవరో తెలుసా? మెటర్నిటీ లీవ్. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి అది 26 వారాలు, అంటే 182 రోజులు. 2024 నవంబర్ 11న మొదలుపెడితే 2025 మే 11న అయిపోతుంది. జనవరి రికార్డులడిగితే? మొదలు జనవరిలో లేదు, చివర జనవరిలో లేదు. మొదలు తేదీ చూసే టూల్‌కి ఆమె కనిపించదు, చివరి తేదీ చూసే టూల్‌కీ కనిపించదు. నెలకి నెల మొత్తం సెలవులో ఉన్న మనిషి, ఆ నెల సెలవుల జాబితాలో లేదు. మా ఆఫీసులో అలా ఒకావిడ ఉండింది కూడా. ఆమె జీతం ఆగకపోవడానికి కారణం మా టూల్ కాదు, నా పేజీ అంతకన్నా కాదు. పేరోల్ మేడమ్ పాత మనిషి, ఇలాంటివాళ్ల పేర్లు డైరీ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకునేది. ఆ అట్ట కాపాడింది.

సరే, అప్పుడు డెవలపర్, నేను కూర్చున్నాం. సరైన షరతు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: సెలవు మొదలు మీరడిగిన చివరి తేదీన గాని అంతకు ముందు గాని ఉండాలి, సెలవు చివర మీరడిగిన మొదటి తేదీన గాని ఆ తర్వాత గాని ఉండాలి. ఈ రెండూ నిజమైతే ఆ సెలవు మీ హద్దుని ఎక్కడో ఒకచోట తాకుతున్నట్టే. కాగితం మీద నాలుగు గీతలు గీసి చూడండి, కుదురుతుంది. కోడ్‌లో రెండు లైన్లు మార్చాడు, నేను వాక్యం మార్చాను, సమోసా తిన్నాం, అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. తర్వాతి నెల ఇంకో రకం గొడవొచ్చింది. ఇప్పుడు మన టెస్టర్ లాంటి సెలవు డిసెంబర్ అడిగినా వస్తుంది, జనవరి అడిగినా వస్తుంది. అది సరైనదే. కానీ రికార్డులో మొత్తం రోజులు అని ఒక ఫీల్డ్ ఉంటుంది, అందులో 4 అని ఉంది. అది పూర్తి సెలవు రోజుల సంఖ్య, మీరడిగిన నెలలో పడ్డవి కాదు. స్క్రిప్ట్ ఏం చేసింది, డిసెంబర్‌లో 4 కూడింది, జనవరిలో 4 కూడింది. నాలుగు రోజులు సెలవు పెట్టినవాడికి ఎనిమిది రోజులు ఖర్చు. ముందేమో సెలవే లేదన్నాం, ఇప్పుడు రెట్టింపు చేశాం. అందుకని ఆ ఫీల్డ్ పక్కన నేను రాసింది ఇదీ: ‘ఇది సెలవు మొత్తం రోజుల సంఖ్య. మీరడిగిన తేదీలకి తగ్గించి చూపించదు. నెలవారీ లెక్క కావాలంటే రోజువారీ వివరాలు తీసుకుని మీరే కూడుకోండి.’ కింద ఇదే ఉదాహరణ పెట్టాను, డిసెంబర్ 30, 31, జనవరి 2, 3 అని ఒక్కో రోజూ విడివిడిగా. ఆ ఉదాహరణ పెట్టాక మళ్లీ దాని మీద ఎవరూ అడగలేదు. నియమం చదివి అర్థం చేసుకునేవాళ్లు తక్కువండి, తేదీలు చూసి అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. నేనూ అంతే.

తేదీలంటే గుర్తొచ్చింది, టైమ్ జోన్. దీని మీద పెద్దగా చెప్పను అనుకున్నాను కానీ కనుమ కథ చెప్పకుండా వదల్లేను. మా టీమ్‌లో భీమవరం అబ్బాయి ఉన్నాడు. 2025లో సంక్రాంతి జనవరి 14, మంగళవారం, ఆఫీసుకి సెలవు. వీడు కనుమకి, 15న, సెలవు పెట్టాడు. రిపోర్ట్‌లో చూస్తే 14న సెలవు పెట్టినట్టుంది. పండగ రోజున సెలవెవడు పెడతాడండీ? విషయమేంటంటే, మొదట్లో టూల్ తేదీని ఉత్త తేదీగా కాకుండా టైమ్‌తో కలిపి దాచేది, 15న అర్ధరాత్రి 00:00 అని. మనం యూటీసీకి, అంటే ప్రపంచమంతా కొలమానంగా వాడే టైమ్‌కి, ఐదున్నర గంటలు ముందుంటాం. దాన్ని యూటీసీలోకి మారిస్తే 14వ తేదీ 18:30 అవుతుంది. రిపోర్ట్ తీసేవాడు టైమ్ నాకెందుకని మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీ తీసుకున్నాడు, 2025-01-14 వచ్చింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా రికార్డు మాత్రం ఒక రోజు వెనక్కి కదిలింది. (నవ్వులు)

సెలవనేది ఒక రోజు, ఒక క్షణం కాదు. దాన్ని తేదీగానే దాచాలి, తేదీగానే ఇవ్వాలి, పేజీలో ఆ మాట ఉండాలి. ఇంకా, 03/04/2025 అని ఎక్కడా రాయకండి, అది మనకి ఏప్రిల్ 3, అమెరికా ఆఫీసుకి మార్చి 4. ఐఎస్ఓ 8601 పద్ధతిలో ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే గొడవ లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఖాళీ.

మీరు టూల్‌ని అడిగారు, ఫలానా ఉద్యోగి మార్చి సెలవులివ్వు అని. 200 అనే కోడ్ వచ్చింది, అంటే అంతా ఓకే. లోపల చూస్తే ఖాళీ జాబితా. దానర్థం ఏంటి? వంటింట్లోకెళ్లి గిన్నె మూత తీస్తే ఖాళీగా ఉంది. అందరూ తినేశారా? ఇవాళ అసలు వండలేదా? లేక మనం తీసింది వేరే గిన్నె మూతా? మూడూ ఒకలాగే కనిపిస్తాయి. మా టూల్‌లోనూ అంతే. ఆ ఉద్యోగి నిజంగా సెలవు పెట్టకపోయినా ఖాళీ వచ్చేది. ఆ ఉద్యోగి రికార్డులు చూసే అనుమతి మీకు లేకపోయినా ఖాళీయే వచ్చేది. ఉద్యోగి నంబర్ తప్పు కొట్టినా ఖాళీయే. ఒక మేనేజర్ తన టీమ్ సెలవులన్నీ తీస్తే ఇద్దరివి రాలేదు, వాళ్లు సెలవే పెట్టలేదని మెచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టాడు. తీరా చూస్తే ఆ ఇద్దరూ అంతకు ముందు నెలే వేరే మేనేజర్ కిందకి మారారు, ఈయనకి వాళ్ల రికార్డులు చూసే అనుమతి పోయింది. అందులో ఒకడు అప్పుడు గోవాలో ఉన్నాడు.

అనుమతి లేకపోతే 403 అని, మనిషే లేకపోతే 404 అని చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు, చాలా టూల్స్ చెప్తాయి. కానీ వాదన రెండో వైపు కూడా ఉంది. 403 అంటే ‘ఆ మనిషి ఉన్నాడు, నీకు చూపించను’ అని ఒప్పుకున్నట్టే, నంబర్లు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోతే కంపెనీలో ఎంతమంది ఉన్నారో బయటపడుతుంది. మా సెక్యూరిటీ వాళ్లు అదే అన్నారు, మార్చడానికి ఒప్పుకోలేదు. సరే, అది వాళ్ల నిర్ణయం, గౌరవిస్తాను. కానీ టూల్ చెప్పదని తేలాక, పేజీ అయినా చెప్పాలి కదా? అందుకని ఖాళీ జాబితా వస్తే అని విడిగా ఒక భాగం రాశాను. ఖాళీ అంటే సెలవు లేదని అర్థం కాదు, మీరు చూడగలిగిన రికార్డుల్లో లేదని మాత్రమే అర్థం, జీతం కోయడానికి దీన్ని ఆధారంగా తీసుకోకండి, ముందు ఆ ఉద్యోగి మీ పరిధిలో ఉన్నాడో లేదో చూసుకోండి అని. రివ్యూలో ఒక పెద్దమనిషి, ఇది మన టూల్ బలహీనతని మనమే చాటుకున్నట్టు ఉంది, తీసేయండి అన్నాడు. తీయలేదు. డాక్యుమెంటేషన్ అంటే బ్రోచర్ కాదండీ.

జవాబు పేజీలు పేజీలుగా వచ్చే సంగతి కూడా ఖాళీకి దగ్గరి చుట్టమే, త్వరగా చెప్పేస్తాను. ఒకసారికి 100 రికార్డులే ఇస్తుంది, మిగతావి కావాలంటే తర్వాతి పేజీ గుర్తు పట్టుకుని మళ్లీ అడగాలి. ఆ మాట డాక్యుమెంటేషన్ అడుగున రాస్తే ఎవరూ చూడరు. మొదటి ఉదాహరణలోనే తర్వాతి పేజీ అడిగే లైన్ కూడా కలిపి పెట్టండి, జనం కాపీ కొట్టేది ఆ మొదటి ఉదాహరణనే. అలాగే మరీ తొందర తొందరగా అడిగితే 429 వస్తుంది, ఎంతసేపు ఆగాలో దానితోపాటే వస్తుంది, అంతసేపు ఆగండి. అంతే.

స్టేటస్ దగ్గరికొద్దాం. పెండింగ్, అప్రూవ్డ్, రిజెక్టెడ్, క్యాన్సిల్డ్. ఏమీ చెప్పకుండా అడిగితే ఏవి వస్తాయి? నన్నడిగితే ఏ టూల్‌కైనా పేజీలో అన్నిటికన్నా ఖరీదైన లైన్ ఇదే, చెప్పకపోతే ఏమవుతుంది అనేది. మా దాంట్లో అన్నీ వచ్చేవి, క్యాన్సిల్ చేసుకున్నవి కూడా. పెళ్లి వాయిదా పడి సెలవు వెనక్కి తీసుకుని ఆఫీసుకొచ్చిన అమ్మాయి కూడా సెలవులో ఉన్నట్టే లెక్క. పైగా క్యాన్సిల్డ్‌లో ఒక ఎల్లా, రెండు ఎల్‌లా? అమెరికా వాళ్లు ఒకటి రాస్తారు, మనం స్కూల్లో రెండు నేర్చుకున్నాం. టూల్‌లో ఒకటే ఉంది. రెండు ఎల్‌లతో అడిగితే తప్పు అని చెప్పదు, అర్థం కాని ఫిల్టర్ని పక్కన పడేసి అన్నీ ఇచ్చేస్తుంది! పేరు తప్పనిపించినా సరే, టూల్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి. వెబ్ అంతా వాడే హెచ్‌టీటీపీలో, మీరు ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే రిఫరర్ అనే హెడర్ ఉంది, స్పెల్లింగ్‌లో ఒక ఆర్ తక్కువ. 1996లో వచ్చిన స్పెసిఫికేషన్‌లోనే ఆ తప్పు ఉంది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అంత పెద్దదాన్నే ఎవరూ దిద్దలేదు, మీరు మీ పేజీలో దిద్దితే నష్టపోయేది మీ పాఠకుడే.

ఇంకో మాట. ఈ టూల్ ఏం చేయదో మొదటి స్క్రీన్‌లోనే రాయండి. మా పేజీ చూసినవాళ్లు సగం మంది వెతుకుతున్నది వేరేది, ‘నాకింకా ఎన్ని సెలవులు మిగిలాయి?’ అన్నది. ఇది ఆ టూల్ కాదు. ఇది పెట్టిన సెలవులిస్తుంది, మిగిలినవి చెప్పదు. పెట్టినవన్నీ కూడి పదిహేనులోంచి తీసేస్తే మిగిలినవి వస్తాయి కదా అనుకుంటారు, రావు. మన రాష్ట్రంలో 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవాళ్లకి 15 రోజులు జీతంతో సెలవు, ఆ పైన క్యాజువల్, సిక్ విడిగా. ఫ్యాక్టరీలో అయితే లెక్క వేరు, 20 రోజుల పనికి ఒక రోజు. దాని మీద పోయినేడాది మిగిలినవి, సెలవు రోజున పనిచేస్తే బదులుగా ఇచ్చే కాంప్ ఆఫ్‌లు, కంపెనీ సొంత పాలసీ, కొన్నిచోట్ల శుక్రవారం, సోమవారం సెలవు పెడితే నడుమ ఉన్న శని, ఆదివారాలు కూడా మింగేసే శాండ్‌విచ్ నియమం. ఇదంతా బ్యాలెన్స్ లెక్కేసే చోటు వేరే ఉంది, అక్కడికి లింక్ ఇచ్చి ఊరుకోవాలి.

ఊరు మారినా లెక్క మారుతుంది. లాల్ దర్వాజా బోనాల తర్వాతి సోమవారం మనకి సెలవు, బెంగళూరు ఆఫీసుకి కాదు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఇద్దరూ ఒకే తేదీలు పెడితే ఇక్కడివాడికి 2 రోజులు పోతాయి, అక్కడివాడికి 3. అదే తేదీలు, రెండు అంకెలు. బగ్ అని ఫిర్యాదు టికెట్లు పడ్డాయి. బగ్ కాదమ్మా, బోనాలు అని రాయాల్సొచ్చింది. (నవ్వులు, చప్పట్లు)

ఇక నేను సిగ్గుపడే విషయం ఒకటుంది. మొదటి పేజీలో జవాబు ఎలా ఉంటుందో చూపించడానికి ఒక నమూనా పెట్టాను కదా, అది డెవలపర్ నాకు చాట్‌లో పంపిన జేసన్, అంటే టూల్ జవాబిచ్చే ఫార్మాట్‌లో ఉన్న ఒక రికార్డు. నేను చదవకుండా అతికించాను. మూడు నెలలు అలాగే ఉంది. తర్వాత చూస్తే అది నిజం రికార్డు. నిజం మనిషి. కారణం అనే ఫీల్డ్‌లో ఆ మనిషి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారో రాసుంది. బయటికి కాదు, కంపెనీ లోపలి పేజీయే, అయినా మూడు వందల మంది చూసి ఉంటారు. ఆ మనిషికి తెలిసిందో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు, అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

పేరు తీసేస్తే సరిపోతుంది అనుకోకండి. కారణం తీసేసినా సరిపోదు. సెలవు రకం, వారాలు, ఈ రెండూ చాలు. గర్భస్రావమైతే చట్టం ఇచ్చే సెలవు 6 వారాలు. మెటర్నిటీ అని ఉండి, 26 బదులు 6 వారాలు ఉంటే చదివేవాళ్లకి అర్థమైపోతుంది, ఒక ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పని సంగతి. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, సరే, చట్టం ఉంది. కానీ నేను చెప్పేది అంతకన్నా చిన్నది. నమూనాని చేత్తో తయారుచేయండి. ఉద్యోగి 1001 అని పెట్టండి, క్యాజువల్ లీవ్ అని పెట్టండి, కారణం ఫీల్డ్‌లో ‘ఊరెళ్తున్నాను’ అని రాయండి. పది నిమిషాల పని. ఆ ఫీల్డ్ అవసరం లేనివాళ్లు అడగకుండా ఉండడం ఎలాగో కూడా రాయండి. మా టూల్‌లో కారణం వద్దని చెప్పే వీలు మొదటి నుంచీ ఉంది, నేనే రాయలేదు.

చివరగా... టైమ్ ఉందా? పది నిమిషాలా? చాలు.

ఇప్పుడు మన పేజీలు మనుషులే చదవట్లేదు. 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చింది, ఎంసీపీ, భాషా మోడళ్లకి బయటి టూల్స్‌ని కలిపే పద్ధతి. చాట్‌లో ‘వచ్చే వారం మా టీమ్‌లో ఎవరెవరు లేరు?’ అని అడిగితే, వెనకాల భాషా మోడల్ తన దగ్గరున్న టూల్స్ జాబితా చూసి, ఒక్కో టూల్‌కి ఉన్న వివరణ చదివి, ఏది పిలవాలో తేల్చుకుంటుంది. ఆ వివరణ రాసేది మనమే, రెండు మూడు వాక్యాలు. మా దాని మీద మొదట ‘సెలవుల సమాచారం ఇస్తుంది’ అని ఉండేది. దాంతో ఎవరో నాకెన్ని సెలవులు మిగిలాయి అని అడిగితే మోడల్ ఈ టూల్‌నే పిలిచింది, పెట్టినవి కూడింది, ఎక్కడి నుంచో ఒక మొత్తం ఊహించుకుంది, తీసేసింది, ‘మీకు 7 సెలవులు మిగిలాయి’ అని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మనిషి టికెట్లు బుక్ చేసుకున్నాడు. మిగిలినవి 2.

మనిషైతే అనుమానమొచ్చి పక్కవాణ్ని అడుగుతాడు. దీనికి పక్కవాడు లేడు. ఇప్పుడు ఆ వివరణలో ఇలా ఉంటుంది: ‘పెట్టిన సెలవుల రికార్డులు మాత్రమే. మిగిలిన సెలవులు చెప్పదు, దానికి బ్యాలెన్స్ టూల్ వాడాలి. తేదీలు ఏడాది, నెల, రోజు వరుసలో ఇవ్వాలి, వచ్చే వారం లాంటి మాటలు ఇవ్వకూడదు. ఖాళీ జాబితా వస్తే సెలవు లేదని చెప్పకూడదు.’ చూశారా, కొత్తవేం లేవు. మనుషుల కోసం రాసినవే.

ప్రశ్నలుంటే అడగండి. ... ఆఁ, నీలం చొక్కా.

(ప్రశ్న: ఇంత వివరంగా రాయాలంటే డెవలపర్ కూర్చోవాలి కదా, వాళ్లకి టైమ్ ఎక్కడిది?)

వాళ్లు కూర్చోరు. నేను ఎదురుచూడడం మానేశాను. టెస్ట్ సర్వర్‌లో నాకు ఒక పదిమంది ఉత్తుత్తి ఉద్యోగులున్నారు. ఒకరికి నెల దాటే సెలవు, ఒకరికి సగం రోజు, ఒకరికి 26 వారాలు, ఒకరికి పెట్టి తీసేసిన సెలవు, ఒకరు నాకు కనిపించకూడని మనిషి. పేజీలో ఒక వాక్యం రాసే ముందు టూల్‌ని వీళ్ల మీద నడిపి చూస్తాను. వచ్చిన జవాబు పట్టుకుని డెవలపర్ దగ్గరికెళ్తాను. ‘ఇదెలా పనిచేస్తుంది?’ అంటే రేపు రమ్మంటారు. ‘ఇది తప్పొస్తోంది’ అంటే కుర్చీ తిప్పుతారు. (నవ్వులు)

(ప్రశ్న: ఆ టెస్టర్‌కి డబ్బులు తిరిగొచ్చాయా?)

వచ్చాయి, ఫిబ్రవరి జీతంలో అరియర్స్ అని వేశారు. వాడు మాత్రం నన్ను వదల్లేదు. నేను కంపెనీ మారే ముందు ఒకరోజు మళ్లీ వచ్చాడు. ‘అక్కా, ఈసారి కూడా డిసెంబర్ ఆఖరులోనే ఊరెళ్తున్నా, జనవరిలోకి రెండు రోజులు పోతాయి, పెట్టమంటావా?’ అన్నాడు. పెట్టు, ఏం కాదు అని నోటిదాకా వచ్చింది. కూర్చో ఒక్క నిమిషం అని చెప్పి, వాడి తేదీలే నా ఉత్తుత్తి ఉద్యోగి 1001కి పెట్టి, డిసెంబర్‌కి ఒకసారి, జనవరికి ఒకసారి నడిపి చూపించి, అప్పుడు పెట్టమన్నాను.